నోరు మూసుకుని చెయ్యాల్సిన లెక్క

నోటితో చదివితే తప్ప తెగని లెక్క ఇచ్చి, నోరు విప్పానని నన్ను దొంగని చేశారు. ఆ మంట నాకింకా చల్లారలేదు.

ఏలూరులో మా ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో ఒక కంపెనీ ఉద్యోగానికి పరీక్ష పెట్టింది. వాళ్ళు హైదరాబాదులో కూర్చుని కెమెరాలోంచి, మైకులోంచి మమ్మల్ని కనిపెడుతుంటారు. నాకది వస్తే మా ఇంట్లో నెలజీతం అందుకునే మొదటి మనిషిని నేనే.

ఆఖరి ప్రశ్న ఒక సంఖ్యల వరుస. మొదట 1 ఉంటుంది. అందులో ఏముందో చెప్పాలి: ఒక ఒకటి. కనుక తర్వాతిది 11. అందులో రెండు ఒకట్లు, కనుక 21. అందులో ఒక రెండు, ఒక ఒకటి, కనుక 1211. ఇలా ప్రతి సంఖ్యా తన ముందుదాన్ని చదివి చెబుతుంది. ఎన్నో సంఖ్య అడిగితే ఆ సంఖ్యని చూపించే ప్రోగ్రాము రాయాలి.

ప్రోగ్రాము రాసేముందు చేత్తో చేసి చూసుకోవడం నా అలవాటు. 1211ని చూస్తూ గొణిగాను: "లాభం ఒకటి, లాభం రెండు, రెండు ఒకట్లు." 111221 వచ్చింది.

మా అమ్మ నూకరత్నం మండవల్లి దగ్గర చెరువుల మీద చేపపిల్లల్ని గిన్నెతో లెక్కబెట్టి పోస్తుంది. మొదటి గిన్నెని అక్కడ ఎవరూ ఒకటి అనరు, లాభం అంటారు. అదీ పైకే అంటారు, లేకపోతే లెక్క తప్పుతుంది. అమ్మ పక్కన నిలబడి నేర్చిన లెక్కని ఏ కాలేజీ మాన్పిస్తుంది? గొణుక్కుంటూనే లూపు రాశాను. ప్రోగ్రాములో ఇంకొక్క లైను ఉందనగా తెర ఎర్రబడింది. మరొకరితో మాట్లాడుతున్నారు, పరీక్ష రద్దు అని పడింది.

మా ప్లేస్‌మెంట్ ఆఫీసరు సుందరరావు గారు కంపెనీతో ఫోన్లో మాట్లాడి, నన్ను తన గదికి పిలిచారు.

"లాభం, లాభం అని ఎవరికో సంకేతం ఇచ్చావంటున్నారమ్మా హారికా."

"సంకేతం కాదండీ. ఒకటిని మేం అలాగే అంటామండీ. మీకు తెలీదాండీ?"

తెలియకపోవడమేమిటి! ఆయనది దెందులూరు. ధాన్యం కొలిస్తే వాళ్ళ కళ్లంలోనూ మొదటి కుంచం లాభమే. అన్నీ తెలిసి కూడా నేలచూపులు చూశారు.

"కంపెనీతో మనకెందుకమ్మా గొడవ. వచ్చే ఏడాది మన కాలేజీకి రావడం మానేస్తారు. పొరపాటున మాట్లాడాను, క్షమించండి అని రాసిచ్చెయ్యి. ఇంకో కంపెనీ వచ్చినప్పుడు చూద్దాం."

కాపీ కొట్టిందని ఒకసారి పేరు పడ్డాక ఏ కంపెనీ గుమ్మం ఎక్కనిస్తుంది? ఒళ్ళు మండిపోయింది నాకు.

"అడుసే తొక్కలేదు కదండీ, కాలెందుకు కడుక్కోవాలి?"

"రాయమ్మా, రాయి" అని కాగితం ముందుకు తోశారు.

రాశాను. ఆ ప్రశ్నలో లాగే, ఉన్నది ఉన్నట్టు రాశాను. "ఒక కుర్చీ. అందులో ఒక అమ్మాయి. రెండో మనిషి లేరు. ఒక నోరు. తెర మీద ఉన్నదాన్నే అది చదివింది. క్షమాపణ లేదు."

సుందరరావు గారు కళ్ళజోడు పెట్టుకుని చదవసాగారు. చదువుతుంటే పెదాలు కదిలాయి. ఒక కుర్చీ, ఒక అమ్మాయి అని సన్నగా బయటికి వినిపిస్తోంది కూడా.

"ఎవరితో మాట్లాడుతున్నారండీ?" అన్నాను.

పెదాలు ఆగిపోయాయి. కాగితం వంక చూశారు, నా వంక చూశారు. ఫోను తీశారు.

"ఏవండీ, మా అమ్మాయి తనలో తను చదువుకుందండీ. నేనూ అలాగే చదువుతానండీ. లాభం అంటే ఒకటేనండీ, మా కళ్లంలోనూ అంతే. రికార్డింగు మళ్ళీ వినండి. ఇంకో గొంతు ఉంటే చెప్పండి."

ఈ నాలుగు ముక్కలూ వాళ్ళతో మొదటిసారి ఫోన్లో మాట్లాడినప్పుడు కూడా ఆయన నోట్లోనే ఉన్నాయి. అందుకే ఆయనకి దణ్ణం పెట్టాలనిపించలేదు.

కంపెనీ వాళ్ళు రికార్డింగు విన్నాక, మధ్యాహ్నం నన్ను మళ్ళీ పరీక్షకి కూర్చోబెట్టారు. అదే ప్రశ్న, ఈసారి 2తో మొదలు. నేను మైకుని దగ్గరికి లాక్కుని, ల్యాబంతా వినపడేలా చదివాను.

"లాభం రెండు."