ఉమ్మెత్త అనుమానం

తెల్లవారేసరికి బజారు మూలన రెఫూహియో అనే ఆవిడ జావకుండ చుట్టూ జనం మూగుతారు. బెల్లమూ దాల్చినచెక్కా వేసి కాచిన ఆ మొక్కజొన్న జావ గొంతు దిగందే మా ఊళ్ళో చాలామందికి పని మొదలుకాదు. ఆ కుండను నమ్ముకునే ఆమె ఒక్కగానొక్క కొడుకును పెంచి పెద్దచేసింది. మొదటి గ్లాసు ఎప్పుడూ వాడిదే. చూసినవాళ్ళంతా తల్లంటే ఇలా ఉండాలి అనుకునేవారు.

ఆ కొడుకు పేరు ఎవరిస్తో. జనాన్ని ఎక్కించుకు తిప్పే కోంబీ వ్యాను నడుపుతాడు. ఒకప్పుడు బండిలో ఎక్కినవాళ్ళు చెవులు మూసుకునేంత గట్టిగా పాడేవాడు. ఏడాదిగా పాట లేదు. కూర్చున్నచోటే కునుకు. భార్య ఇత్సెల్ రెండు రొట్టెలూ ముళ్ళు తీసి వండిన నాగజెముడు మట్టల కూరా పెడితే కిక్కురుమనకుండా తిని లేస్తున్నాడు. ఆస్పత్రిలో షుగరు అన్నారని తల్లికి తెలుసు. అయితే ఏం? ఊళ్ళో ఎంతమందికి లేదు!

"షుగరు మా ఆయనకూ ఉండేది వదినా, పోయేదాకా నన్ను తిడుతూనే ఉన్నాడు. మీవాడు మరీ మెత్తబడ్డాడు. ఇది షుగరు కాదు, ఉమ్మెత్త!" అంది పక్కన టమాటాలు అమ్మే ఒబ్దూలియా.

మా దగ్గర ఈ మాట కొత్తది కాదు. మగవాడు నెమ్మదిస్తే చాలు, మొగుణ్ణి లొంగదీసుకోవడానికి పెళ్ళాం కాఫీలో ఉమ్మెత్త కలిపిందంటారు. ఆస్పత్రి ఎంత దగ్గరున్నా ఈ మాట అంతకన్నా దగ్గర.

ఆ రోజు నుంచి రెఫూహియో కోడలి చేతులవైపే చూడసాగింది. కోడలు భర్తకు కాఫీ కలిపితే తను గుమ్మంలో నిలబడేది. మాత్ర ఇస్తే అదేమిటని ఆరా తీసేది. చేదు మందుకు తీపే విరుగుడని నమ్మి, కొడుకుకు గ్లాసు జావను రెండు గ్లాసులు చేసింది. పైన చక్కెర అద్దిన రొట్టె.

"అమ్మా, ఇవి నేను తినకూడదే."

"పెళ్ళాం చేతిది అమృతం, తల్లి చేతిది విషమా? తాగు! దానికి మాత్రం చెప్పకు."

తాగిన కాసేపు వాడి ముఖం వెలిగేది. ఆమె ఒబ్దూలియావైపు చూసి కన్ను గీటేది. మధ్యాహ్నానికి మళ్ళీ మామూలే. ఆ వేళకు ఆమె కూడా కుండ పక్కన తల వాల్చి నిద్రపోతుండేది గనుక, అది ఆమె కంటబడేది కాదు.

ఇంట్లో ఇత్సెల్‌కు వేరే అనుమానం. తను ఇంత కట్టుదిట్టంగా వండిపెడుతున్నా ఆస్పత్రిలో చూపించినప్పుడల్లా షుగరు పెరిగే ఉంటోంది. చొక్కా నుంచి దాల్చినచెక్క వాసన.

"ఎవరు పెడుతున్నారు నీకు?"

"ఎవరూ లేరు" అని అతను ముఖం తిప్పుకునేవాడు. ఇంకో ఆడది ఉందని ఆమె తేల్చుకుంది.

ఇంతలో ఒక ఉదయం కోంబీ వెళ్ళి చర్చి గోడకు గుద్దుకుంది. ఎవరి ప్రాణం మీదికీ రాలేదు. "కళ్ళు మూతలు పడ్డాయి" అన్నాడు ఎవరిస్తో. బండి యజమాని తాళం లాక్కుని, ఒళ్ళు బాగుచేసుకుని రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానన్నాడు.

రెఫూహియో ఇక ఆగలేదు. కోడలు వండిన కూర గిన్నెతో సహా కొంగుచాటున పెట్టుకుని తోమాసా ఇంటికి వెళ్ళింది. తోమాసా మూలికల మనిషి. ఆమె ఉమ్మెత్త ఉందంటే కోడల్ని ఇంట్లోంచి గెంటవచ్చు.

తోమాసా కూర వాసన చూసింది, నాలుక మీద వేసుకుంది.

"ఉమ్మెత్త లేదు. ఉప్పు కూడా లేదు పాపం."

"సరిగ్గా చూడు అక్కా! నిలబడి నిద్రపోతున్నాడు వాడు."

"పొద్దున ఏం తింటాడు?"

"నా జావే! రెండు గ్లాసులు" అంది రెఫూహియో గర్వంగా.

తోమాసా లంగా అంచు ఎత్తింది. ఎడమ పాదానికి వేళ్ళు లేవు.

"నాకు ఉమ్మెత్త ఎవరు పెట్టారు చెప్పు? ఇది షుగరు. ఒంట్లో తీపి పొంగితే నీళ్ళు బయటికి తోసేస్తుంది. వాడు రాత్రంతా ఒంటేలికి లేస్తూనే ఉంటాడు. నిద్ర విరిగినవాడికి పొద్దున్నే తీపి మీద మనసు పోతుంది. అప్పటికి నువ్వు గ్లాసు పట్టుకుని సిద్ధం. ఊరందరికీ ఆకులిస్తాను గానీ, నా షుగరుకు మాత్రం ఆస్పత్రి సూదే."

"అయితే ఆ పిల్ల..."

"ఆ పిల్ల వాణ్ణి బతికించుకుంటోంది. మందు పెడుతున్నది నువ్వు, రెఫూహియో."

ఇంటికి వచ్చేసరికి ఇత్సెల్ వంటగదంతా వెతుకుతోంది.

"కూర ఏమైంది అత్తయ్యా?"

రెఫూహియో గిన్నె బల్ల మీద పెట్టింది. "నేనే పట్టుకెళ్ళాను. పొద్దున్నే నీకు తెలియకుండా వాడికి రెండు గ్లాసుల దాల్చినచెక్క జావ పోస్తున్నదీ నేనే."

ఇత్సెల్ గిన్నెను తనవైపు లాక్కుంది. "ఆయన చొక్కా వాసనకు ఇంకో ఆడది ఉందనుకున్నాను" అంది.

"నేనేమో నువ్వే వాడికి ఉమ్మెత్త పెడుతున్నావనుకున్నాను."

ఇత్సెల్‌కు కోపం అంత తొందరగా పోలేదు. కానీ కాసేపయ్యాక కోడలే అంది: "రేపు ఆయనతోపాటు మీరూ రండి ఆస్పత్రికి. మధ్యాహ్నమైతే కుండ పక్కన మీరూ జోగుతారటగా. మీకూ చూపిద్దాం."

మర్నాడు పొద్దున ఆస్పత్రికి బయల్దేరే ముందు, కుండ దగ్గర ఎవరిస్తో అలవాటుగా చెయ్యి చాపాడు. తల్లి ఆ చేతిలో గ్లాసు పెట్టలేదు. కోడలు కట్టి ఇచ్చిన ఉడికిన గుడ్డూ చిక్కుడుగింజల కూరా పెట్టింది.

ఒబ్దూలియా పకపకా నవ్వింది. "ఏం వదినా, కోడలు నీకూ పెట్టేసిందా ఉమ్మెత్త?"

"నవ్వు, నవ్వు! ఉమ్మెత్త పేరు చెప్పి కొడుకును చంపుకోబోయాను. మనిషి వాడిపోతే ఎవరేం కలిపారని వెతకొద్దమ్మా. రాత్రి నిద్ర పట్టిందా, పొద్దున ఏం తిన్నావని ముందు ఆ మనిషినే అడగండి."