నిలవ నీటికి చెప్పిన కల

చెడ్డ కల వస్తే ముందు పారే నీటికి చెప్పాలి, ఆ తర్వాతే మనిషికి చెప్పాలి, లేకపోతే ఆ కల నిజమవుతుంది. ఇది శ్రీసుధ వాళ్ళ అమ్మమ్మ పెట్టిన చట్టం. ఆవిడ చట్టాల్లో చాలావాటిని మనవరాళ్ళిద్దరూ ఎప్పుడో గాలికొదిలేశారు. మంగళవారం గోళ్ళు తీసుకుంటారు, సంధ్యవేళ నిద్రపోతారు, ఎవరైనా తుమ్మినా ఆగకుండా గడప దాటేస్తారు. ఈ ఒక్కదాన్ని మాత్రం ఎందుకో ఇద్దరూ వదల్లేదు.

శ్రీసుధ నార్వేలో బెర్గెన్ అనే ఊళ్ళో ఉంటుంది. అక్కడ ఓడల కంపెనీలో భర్త ఉద్యోగం. ఆ ఊళ్ళో వానకి వేళాపాళా లేదు. శనివారాలు మనవాళ్ళ పిల్లలు నలుగురైదుగురికి వయొలిన్ నేర్పుతుంది. తను సాధన చేసుకోవాలంటే మాత్రం తీగల దగ్గర ఒక రబ్బరు ముక్క తగిలించాలి. పైవాటాలో ముసలాయన ఒకసారి కిందికొచ్చి, నెమ్మదిగా, నవ్వుతూనే, గోడలు పల్చగా ఉన్నాయని చెప్పి వెళ్ళాడు. ఆ రబ్బరు ముక్క పెడితే వయొలిన్ నోరు నొక్కినట్టే. కమాను లాగిన చేతికి తెలుస్తుంది గాని, పక్కగదిలో భర్తకి కూడా వినపడదు. అలా ఏళ్ళు గడిచిపోయాయి. సొంతూరు మండపేటలో ఒకప్పుడు పందిట్లో వాయిస్తే వీధి చివరిదాకా వినిపించిన వయొలిన్, పాపం, అక్కడ గుసగుసలాడుకుంటూ బతికింది. ఇక్కడికెందుకొచ్చానా అని శ్రీసుధ చాలాసార్లు అనుకుంది. అనుకుని, వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టుకునేది.

ఆ కల చలికాలంలో మొదలైంది. పచ్చి కొబ్బరాకుల పెళ్ళిపందిరి, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు, విసనకర్రలతో విసురుకుంటూ జనం. వేదిక మీద చెల్లెలు ఫణిశ్రీ పాడుతోంది. నోరు కదులుతోంది, మెడ నరాలు ఉబ్బుతున్నాయి, గొంతు మాత్రం రావడం లేదు. పక్కన కూర్చుని శ్రీసుధ కమాను లాగుతుంటే వయొలినూ పలకదు. జనం మాత్రం బ్రహ్మాండంగా ఉందన్నట్టు తలలూపుతున్నారు. అంతే, మెలకువ వచ్చేసేది.

కలలో పెళ్ళి కనపడితే ఇంట్లో కీడు జరుగుతుందని గోదావరి జిల్లాల్లో ఏ ఆడమనిషినడిగినా చెబుతుంది. శ్రీసుధ వంటింట్లో కుళాయి తిప్పి, వంగి, ఆ నీళ్ళకి కల మొత్తం చెప్పింది. వారం తిరక్కుండా మళ్ళీ అదే కల వచ్చింది. మళ్ళీ చెప్పింది, మళ్ళీ వచ్చింది. ఆ నీళ్ళకి తెలుగు రాదు కదా అనుకుని తనే నవ్వుకుంది. సరిగ్గా ఆ నెలలోనే చెల్లెలి భర్త విశ్వనాథ్ ఫోన్ చేసి, ఫణిశ్రీ గొంతు దగ్గర గడ్డ తేలిందని, రాజమండ్రి డాక్టరుగారు పరీక్ష చేయించి అది మంచి గడ్డ కాదన్నారని చెప్పాడు. శ్రీసుధ నవ్వు అక్కడితో ఆగిపోయింది.

డాక్టరుగారి మాట స్పష్టంగానే ఉంది. ఇప్పుడు తీసేస్తే మనిషికి భయం లేదు, ఆలస్యం చేస్తే మాత్రం చెప్పలేం. గొంతు మారే ప్రమాదం కాస్త ఉంది, అదీ తక్కువే. ఆ 'కాస్త' దగ్గరే ఫణిశ్రీ మొండికేసింది. బడిలో సంగీతం టీచరు, ఊళ్ళో ప్రతి నవరాత్రికీ పాడే మనిషి. గొంతు లేకపోతే నేనెవర్ని అని ఒకటే మాట. శ్రీసుధ రోజూ ఫోన్ చేసి బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. చివరికి, అక్క వచ్చి పక్కన వయొలిన్ వాయిస్తే శ్రీరామనవమి పందిట్లో పాడి, ఆ సోమవారమే ఆసుపత్రిలో చేరతానని ఫణిశ్రీ ఒప్పుకుంది. శ్రీసుధ మర్నాడే టికెట్టు కొనేసింది.

మండపేటలో దిగిన రాత్రే మళ్ళీ అదే కల వచ్చింది. ఇంకా తెల్లవారకముందే లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని కాలువ రేవుకి బయల్దేరింది. చిన్నప్పుడు అక్కచెల్లెళ్ళిద్దరూ పరీక్ష తప్పిన కలలు, పాము కలలు చెప్పుకున్న రేవు అది. ఈ నీళ్ళకి తెలుగు వచ్చు. ఇక్కడ చెబితే ఆ కల లాకులు దాటి, పొలాలు దాటి, సముద్రంలో కలిసిపోతుందని శ్రీసుధ నమ్మకం.

ఆమె మరిచిపోయిన సంగతి ఒకటుంది. దాళ్వాకి, అంటే రెండో పంటకి, ఇక నీళ్ళు చాలు అనగానే కాలువలు కట్టేస్తారు. ఈ ఊళ్ళో బళ్ళోకెళ్ళే పిల్లకి కూడా తెలిసిన విషయం. ఇన్నేళ్ళూ ఏడాది పొడుగునా వాన కురిసే ఊళ్ళో ఉన్న శ్రీసుధకి, నీళ్ళు ఆగిపోయే కాలం ఒకటుంటుందన్న ధ్యాసే పోయింది. మసక వెలుతురులో కింది మెట్టు దగ్గర నీళ్ళు మెరిశాయి. అదే కాలువనుకుంది. అది కాలువ ఆగిపోయాక రేవు గుంటలో మిగిలిన నీరు.

శ్రీసుధ వంగి, చేతులు తడుపుకుని, కల చెప్పడం మొదలుపెట్టింది. అమ్మమ్మ చెప్పినట్టు ఏదీ దాచకుండా చెప్పాలి. పందిరి, కుర్చీలు, జనం అన్నీ చెప్పింది. "మా ఫణి నోరు తెరుస్తోంది తల్లీ, గొంతు రావట్లేదు. ఎంత పాడినా రావట్లేదు" అని చెబుతూ ఏడ్చేసింది. కాలువ నిండుగా పారే రోజుల్లో కింది మెట్టు మీద మాట పైమెట్టు దాకా రాదు, నీటి చప్పుడే మింగేస్తుంది. ఆ పొద్దున కాలువలో చప్పుడన్నది లేదు.

కళ్ళు తుడుచుకుని తిరిగేసరికి పైమెట్టు మీద ఫణిశ్రీ నిలబడి ఉంది. పక్కమీద అక్క కనపడక వెతుక్కుంటూ వచ్చింది. మెడ దగ్గర పైటకొంగు కప్పుకుని, కిందికి చూస్తూ ఉండిపోయింది.

"కాలువ కట్టేసి నాలుగైదు రోజులైంది అక్కా" అంది చివరికి. "అవి పారవు."

శ్రీసుధ రెండేసి మెట్లు ఎక్కి పైకొచ్చింది. అది నా వయొలిన్ కలే, అక్కడ రబ్బరు ముక్క పెట్టుకుని వాయించీ వాయించీ నాకే అలాంటి కలలొస్తున్నాయి, నీ గొంతుకీ దానికీ సంబంధం లేదు అని గబగబా చెప్పింది. చెబుతుంటే తనకే అది నిజమనిపించింది. ఈ మాట ముందే తోచి ఉంటే రేవుకే రాకపోదును కదా అని లోపల్లోపల కుమిలిపోయింది. ఫణిశ్రీ అంతా విని, "ఊఁ" అంది.

ఇంటికొచ్చాక ఫణిశ్రీ స్నానం చేసి, దేవుడికి దీపం పెట్టి, ఫోన్ తీసుకుని ఆసుపత్రికి చేసింది. సోమవారం వద్దండి, వేసవి సెలవులు దాటాక చూద్దామండి అని చెప్పేసింది. శ్రీసుధ కాళ్ళ మీద పడినంత పని చేసింది. "నువ్వే చూశావు కదే అక్కా. నువ్వు చూశాక కూడా నన్ను కత్తి కింద పడుకోమంటావా?" అని అడిగింది ఫణిశ్రీ.

మరిది దగ్గర మొర పెట్టుకుంది. విశ్వనాథ్ చదువుకున్నవాడు, బ్యాంకులో ఆఫీసరు, పెళ్ళాం మీద ప్రాణం పెట్టుకున్నవాడు. అతనైనా నచ్చజెబుతాడని ఆశపడింది. అతను కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. "పారే నీళ్ళకి చెప్పాల్సిందండీ వదినగారూ" అన్నాడు, చాలా మర్యాదగా.

శ్రీరామనవమి నాడు మధ్యాహ్నం సీతారాముల కల్యాణం అయింది. పానకం, వడపప్పు పంచారు. సాయంత్రం అదే పందిట్లో కచేరీ. వేదికెక్కి కూర్చున్నాక శ్రీసుధ తలెత్తి చూసింది. పచ్చి కొబ్బరాకులు, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు, విసనకర్రలు. ఇది పెళ్ళిపందిరే కదా అని అప్పుడు తట్టింది. వయొలిన్ జారిపోతుందేమోనన్నంత చెమట పట్టింది.

ఫణిశ్రీ గొంతెత్తింది. నిండుగా, హాయిగా పలికింది. శ్రీసుధకి ఊపిరొచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత రబ్బరు ముక్క లేని వయొలిన్ కూడా పందిరంతా మోగింది. మోహన, ఆ తర్వాత కల్యాణి. చిన్నప్పుడు వాళ్ళ గురువు గోపాలకృష్ణమూర్తిగారు ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి నేర్పిన పాఠం ఒకటుంది. పాడేవాళ్ళ గొంతు ఎక్కడ తడబడితే అక్కడ వయొలిన్ ముందుకొచ్చి కప్పెయ్యాలి, లోటు సభకి తెలిసిందంటే తప్పు వయొలిన్‌దే అనేవారు. అది శ్రీసుధ బుర్రలో కాదు, చేతిలోనే ఉండిపోయింది.

కల్యాణిలో పైస్థాయికి వెళ్ళినప్పుడు ఫణిశ్రీ గొంతు ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది, మెడ నరాలు ఉబ్బుతున్నాయి, గడ్డ ఉన్నచోట చర్మం కదులుతోంది. స్వరం లేదు. శ్రీసుధ చెయ్యి అప్పటికే ముందుకెళ్ళిపోయి, ఆ వరస మొత్తం తనే పలికించేసింది. పక్కనున్న స్పీకర్లలో వయొలినే, ఫణిశ్రీ చెవులకి కూడా, తన గొంతులా మోగింది. ముందు వరసలో విశ్వనాథ్ ఫోన్‌లో వీడియో తీస్తూ తలూపుతున్నాడు. జనమంతా తలలూపుతున్నారు.

కమాను ఎత్తేస్తే చాలు. పందిరంతా ఆ ఖాళీని వింటుంది, విశ్వనాథ్ వింటాడు, ఫణిశ్రీ తన చెవులతో తనే వింటుంది, సోమవారం ఆసుపత్రికి వెళుతుంది. కానీ ఎత్తేస్తే అదే కల, అచ్చంగా, అందరి ముందూ. శ్రీసుధకి భయం వేసింది, ఇంత భయం బతుకులో ఎన్నడూ వెయ్యలేదు. చెయ్యి ఆగలేదు. చెల్లెలి గొంతు మళ్ళీ అందుకునేదాకా కప్పుతూనే ఉంది.

కచేరీ అయ్యాక చప్పట్లు చాలాసేపు మోగాయి. ఫణిశ్రీ మొహం వెలిగిపోతోంది. మంచినీళ్ళు తాగి, ఒకసారి గొంతు సవరించుకుని, అక్క చెవి దగ్గరికి వంగింది.

"చూశావా అక్కా? ఒక్కచోటైనా తగ్గానా?"

శ్రీసుధ కమాను నుంచి తీగల మీద రాలిన పొడి తుడుస్తోంది. కింద విశ్వనాథ్ ఇద్దర్నీ ఫొటో తీయడానికి ఇటు తిరగమని చెయ్యి ఊపుతున్నాడు.

"లేదే" అంది. "బాగా పాడావు."