ఒక ఖాళీ తూటా తక్కువ

తుపాకీ ఉన్న పటేలు చేనునే పందులు మేస్తుంటే ఊరు నవ్వకుండా ఎలా ఉంటుంది? కురుమూర్తి పటేలు మూడేళ్ళుగా జొన్న పాలు పోసుకునే రోజుల్లో ప్రతి సాయంత్రం మంచె ఎక్కుతున్నాడు. తుపాకీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నాడు. చీకటి పడగానే ఒక్క తూటా కూడా పేల్చకుండా దిగి వస్తున్నాడు. నాగర్‌కర్నూలుకు తూర్పున, నల్లమల కొండలు మొదలయ్యే చోటుంది ఆ ఊరు. అక్కడ పందులకు కొదవలేదు. పటేలు గురి తప్పడని ఒకప్పుడు చుట్టుపక్కలంతా పేరు. ఇప్పుడు ఆయన ఎదురుపడితే జనం దండం పెట్టి, దాటిపోయాక నవ్వుకుంటున్నారు.

"గా తుపాకి అమ్మి రెండు కుక్కలను తే. అవన్న మొరుగుతయి," అంది భార్య జోగులమ్మ ఓ పొద్దున, ఆయన ముందు సంకటి పెడుతూ.

కురుమూర్తి సంకటి ముద్ద చేసుకున్నాడు. ఏమని చెప్పాలి? మీట మీద వేలు పెట్టగానే జొన్నల్లోంచి ఈల వినిపిస్తుందని, అది చచ్చిపోయిన బయన్న ఈల అని చెప్పాలా? పటేలుకు పిచ్చి లేచిందని సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోతుంది.

బయన్న చెంచు. కొండ దిగి వచ్చి పటేలు చేను అంచున గుడిసె వేసుకున్నాడు. పంది జాడ పట్టడంలో అతణ్ణి మించినవాడు లేడు. పటేలు మంచె మీద కూర్చుంటే, బయన్న జొన్నల్లోకి దిగి పందులను అటు తోలేవాడు. జొన్న నిలువెత్తు పెరిగాక లోపల కదిలేది మనిషో పందో పైనుంచి తెలియదు. అందుకని ఇద్దరూ ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. పేలిన తూటా తాలూకు ఖాళీ ఇత్తడి గొట్టం ఒకటి పటేలు బయన్నకిచ్చాడు. దాని మూతి కింది పెదవికి ఆనించి ఊదితే సన్నని ఈల వస్తుంది. ఈల వచ్చిన వైపు పటేలు కాల్చకూడదు. ఆరేళ్ళలో ఒక్క సాయంత్రం కూడా ఆ ఈల తప్పలేదు.

తాలూకా కచేరిలో కొత్త తూటాలు ఇవ్వాలంటే పేలినవాటి గొట్టాలన్నీ లెక్కకు అప్పజెప్పాలని కొత్తగా ఉత్తర్వు వచ్చింది. మూడేళ్ళ కింద ఒకరోజు పటేలు మూట కట్టుకుంటూ చూసుకుంటే ఒకటి తక్కువైంది. బయన్నను పిలిచి ఈల ఇమ్మన్నాడు. "రేపు ఇంకొకటిస్తలే," అన్నాడు. బయన్న వెంటనే మొలలోంచి తీసి ఇచ్చాడు. ఆ సాయంత్రమే పందులు దిగాయి. బయన్న ఉత్త చేతులతో జొన్నల్లోకి పోయాడు. పటేలు అలవాటు ప్రకారం చెవి ఒగ్గాడు. ఈల రాలేదు. జొన్న కదిలిన చోటికి కాల్చాడు. ఈల ఇంట్లో మూటలో ఉందన్న సంగతి మనిషి అరుపు విన్నాక గానీ ఆయనకు గుర్తు రాలేదు.

ఊళ్ళో ఎవరు ఎలా చచ్చారో సర్కారుకు రాసేది పోలీసు పటేలు. ఆ పటేలు కురుమూర్తే. అడవిపంది పొడిచి చనిపోయాడని రాసి, పంచుల చేత వేలిముద్రలు వేయించాడు. బయన్న పెళ్ళాం బుచ్చమ్మ కూడా వేలిముద్ర వేసింది. బయన్నను చంపిన తూటా తాలూకు ఖాళీ గొట్టం మంచె కింద ఎక్కడో పడిపోయింది. మర్నాడు వెతికితే కనబడలేదు. తర్వాత ఆయన తూటాలు కొననే లేదు కాబట్టి ఎవరూ లెక్క అడగలేదు.

ఇంతలో యుద్ధం వచ్చింది. పటేలు తుపాకీ బోరుకు, అంటే దాని గొట్టం లోపలి కొలతకు, సరిపోయే తూటాలు ఫౌజుకే చాలడం లేదని, కావాలంటే పాత లైసెన్సు మీదే తుపాకీ బోరు మార్పించుకోవచ్చని కచేరిలో చెప్పారు. తుపాకీ గొట్టం ఊడదీసి వేరే కొలతది బిగించుకోవాలి. లైసెన్సులో పాత కొలత కొట్టేసి కొత్తది రాస్తారు. ఆ మాట వినగానే కురుమూర్తికి ప్రాణం లేచి వచ్చింది. బయన్నను చంపిన తుపాకీ గొట్టం పోతుంది, దాని కొలత కాగితం మీద కూడా ఉండదు, ఇక ఈల ఎందుకు వినిపిస్తుంది అనుకున్నాడు. చచ్చినవాళ్ళకు బోరుతో ఏం పని అని మీరూ నేనూ అనుకోవచ్చు. మూడేళ్ళు కంటి మీద కునుకు లేనివాడు అలా అనుకోలేడు.

కచేరిలో గుమాస్తా వెంకట్రాములు దరఖాస్తు చదివి, పటేలు తెచ్చిన తూటాలు బల్ల మీద వరసగా పేర్చాడు.

"పాత బోరువి పేలినయి, పేలనియి అన్ని జమ కావాలె పటేల్ సాబ్. పేలిన దాంట్ల ఒకటి తక్కువున్నది."

"యాడనో పడిపోయింది."

"పడిపోతే పడిపోయిందని రాసియ్యిండ్రి. ఏ దినం పేల్చిన్రు, దేని మీద పేల్చిన్రు, అన్ని రాయాలె. గంతే."

కురుమూర్తి కలం అందుకున్నాడు. మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు. బయన్నను పంది పొడిచిందని ఆ తేదీనే తాను రాసిన మరో కాగితం అదే కచేరిలో ఉంది.

"రెండు దినాల్ల తెస్త," అని లేచాడు.

ఊరికి వచ్చి మంచె కింది మట్టంతా తవ్వించాడు. రాళ్ళు తిరగేశాడు. బయన్న చచ్చిన సాయంత్రం తన తర్వాత అక్కడికి వచ్చింది బుచ్చమ్మ ఒక్కతే అని అప్పుడు తోచి, కాళ్ళు ఈడ్చుకుంటూ చేను అంచుకు పోయాడు.

బుచ్చమ్మ గుడిసె ముందు కూర్చుని అడవి గడ్డల మన్ను దులుపుతోంది.

"బుచ్చమ్మా, అప్పట్ల మంచె కాడ ఇత్తడి గొట్టమేమన్న దొరికిందా నీకు?"

ఆమె లేచి, గుడిసె కప్పులోంచి ఒకటి తీసింది. తోమిన చెంబులా మెరుస్తోంది.

"ఇదేనా పటేలా?"

ఆయన చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు.

"ఆయనకు తానం నేనే జేపిచ్చిన. పంది కోర గంత గుండ్రంగ పొడుస్తదా? దీని మూతి ఆయన ఈపుల బెజ్జం మీద పెట్టి చూసిన. సరిగ్గ కూసున్నది."

కురుమూర్తి గొట్టం మీంచి చూపు తిప్పుకున్నాడు. "మరి ఏలిముద్ర ఎందుకేసినవే?"

"రాసేటోనివి నువ్వు. తుపాకి నీది. నాకు ఆడపిల్ల ఉన్నది. ఎయ్యక ఏం జేయాలె?" అంది ఆమె. "ఇప్పుడెందుకు గావాలె ఇది?"

చెప్పాడు. ఆమె విన్నది.

"తుపాకి కొలత మార్చుకుంటవు. ఆయన ఈపుల కొలత ఎట్ల మారుస్తవు?"

అప్పుడు కురుమూర్తి దాచుకున్నదంతా బయటపడింది. "నీ కాళ్ళు మొక్కుత బుచ్చమ్మా, బయన్న ఇంక ఊదుతనే ఉన్నడు. పొద్దుగూకంగ రోజు వినబడ్తది. నేను బతకలేకపోతున్న."

బుచ్చమ్మ గొట్టాన్ని వేళ్ళ మధ్య తిప్పింది.

"ఆయన గాదు. ఊదేది నేను. అడివికెల్లి నేను, నా బిడ్డ నీ జొన్నల నడిమి బాటనే వస్తం. నువ్వు మంచె మీదుంటవు. లోపల మనిషున్నదని నీకెట్ల తెల్వాలె?"

ఆ మాట విన్నాక చాచిన చెయ్యి వెనక్కి తీసుకోవాలి. మనిషన్నవాడు తీసుకుంటాడు. కురుమూర్తికి మాత్రం రెండు దినాల గడువు, గుమాస్తా బల్ల మీది ఖాళీ చోటు గుర్తుకొచ్చాయి. మూడేళ్ళు తనను తిన్నది దయ్యం కాదని తెలిసిన తేలికదనం కూడా ఉంది.

"రేపు ఇంకొకటిస్తలే," అన్నాడు.

అన్నాక ఆ మాట ఆయనకే వినిపించింది. బుచ్చమ్మ గొట్టం ఆయన అరచేతిలో పెట్టింది.

"ఆయన గూడ అడగంగనే ఇచ్చిండు," అని గడ్డల దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

లెక్క సరిపోయింది. వెంకట్రాములు పాత కొలత మీద ఎర్ర సిరాతో గీత కొట్టి కొత్తది రాశాడు. హైదరాబాదు దుకాణంలో కొత్త గొట్టం బిగించారు. తిరిగి వచ్చిన రోజు సాయంత్రమే కురుమూర్తి మంచె ఎక్కాడు. ఊరివాళ్ళు దూరంగా గట్టు మీద నిలబడి చూసి, ఇంకా ఏమీ పేలకపోయేసరికి ఇళ్ళకు పోయారు.

పొద్దు కొండ వెనక్కి దిగింది. చేను నడుమ జొన్న కదిలింది.

తుపాకీ భుజానికి ఆనించి చెవి ఒగ్గాడు. ఈల రాలేదు. ఈ నిశ్శబ్దం కోసమే కదా ఇంత తిరిగాడు! వేలు మీట మీదికి పోయింది, అక్కడే ఆగిపోయింది. బుచ్చమ్మ అడవి నుంచి వచ్చే వేళ అదే. వస్తుంటే ఊదడానికి ఆమె దగ్గర ఏముంది? ఇంకొకటి ఇస్తానన్నాడు. ఇద్దామంటే కొత్త బోరుది ఒక్క ఖాళీ గొట్టమైనా లేదు. ఉండాలంటే ముందు ఒకటి పేల్చాలి.

"బుచ్చమ్మా! నువ్వేనా?" అని అరిచాడు.

కదలిక ఆగింది. కాసేపటికి మరో చోట మొదలైంది. పందైనా అరుపు వింటే ఆగుతుంది, భయపడ్డ ఆడపిల్లైనా ఆగుతుంది. పటేలు తూటా ఊడదీసి, తుపాకీ మంచె మీదే వదిలి, నిచ్చెన దిగి జొన్నల్లోకి నడిచాడు.

"బుచ్చమ్మా! నేను గాలుస్తలేను. పలుకు."

ఎవరూ పలకలేదు. ఆకులు ముఖాన్ని కోస్తున్నాయి. జొన్న ఆయన తలను మించి ఉంది. తాను ఎటు నడిస్తే అటు కంకులు ఊగుతున్నాయని, పైన మంచె మీద మనిషి ఉంటే ఈ ఊపును చూసి పందే అనుకుంటాడని కురుమూర్తికి తెలిసింది. వేలు కింది పెదవికి ఆనించి గట్టిగా ఊదాడు. గాలి వచ్చింది. ఈల రాలేదు.