అందరికీ కష్టమైన భాష

హోటల్లో బట్టల గది మూసేస్తున్నారనీ, ఇకమీదట దుప్పట్లూ తువ్వాళ్ళూ బయట కాంట్రాక్టుకి ఇస్తారనీ మాకు చెప్పారు. ఆ గదిలో పనిచేసేవాళ్ళు ఉద్యోగం నిలుపుకోవాలంటే పై అంతస్తుల్లో డెస్కుల దగ్గరికి మారాలి. అక్కడికి వెళ్ళాలంటే ఒక విదేశీ భాష రావాలి. స్పానిష్, జపనీస్, రష్యన్, ఈ మూడింటిలో ఏదో ఒకటి ఎంచుకోవచ్చు. క్లాసులు హోటలువాళ్ళే పెడతారు. ఆర్నెల్ల తర్వాత నోటితో పరీక్ష. ప్యాసైతే డెస్కు, లేకపోతే ఇల్లు.

మా చిన్నమ్మాయి ఆ బట్టల గదిలోనే చాలా ఏళ్ళుగా పనిచేస్తోంది. నేను పక్క గదిలో ఇస్త్రీ చేస్తాను. నాకు ఎలాగూ పని మానేసే వయసు వచ్చింది కాబట్టి నా గురించి బెంగ లేదు. బెంగంతా దాని గురించే. దానికి నత్తి. మాట మొదట్లోనే పట్టేస్తుంది. పెదవులు సిద్ధంగా ఉంటాయి, ఊపిరి సిద్ధంగా ఉంటుంది, అక్షరం మాత్రం గడప దాటదు. దుప్పట్లు మనిషిని ఏమీ అడగవు కనుక ఆ గది దానికి సరిపోయింది.

నత్తి అనే మాట ఇప్పుడు రాశాను గాని, మా ఇంట్లో ఎవరమూ పైకి అనం. బడిలో పిల్లలు దాన్ని పేరు పెట్టి కాకుండా ఆ మాట పెట్టి పిలిచేవారు. అది ఏడుస్తూ ఇంటికొచ్చిన రోజు నుంచి మేం "దానికి మాట కాస్త నెమ్మది" అనడం మొదలుపెట్టాం. ఇంకో అలవాటు కూడా చేసుకున్నాం. అది మాట మొదలుపెడితే మేం పూర్తి చేసేస్తాం. అందులో దాని అక్కది పైచెయ్యి. పెద్దది బ్యూటీ పార్లర్లో పనిచేస్తుంది. పది నిమిషాలు నోరు మూసుకోమంటే దానికి జ్వరం వస్తుంది.

ఆ ఆదివారం పెద్దమ్మాయీ అల్లుడూ వచ్చారు. అల్లుడు బస్సు కండక్టరు. బస్సులో దొరికిన ప్రతి చదువుకున్నవాణ్ణీ అడిగి, భాషల సంగతంతా కూడగట్టుకొచ్చాడు.

"స్పానిష్ తీసుకో మరదలా. మన మాటల్లాగే వాళ్ళ మాటలూ చాలావరకు అచ్చుతోనే ఆగుతాయట. నోటికి నొప్పి ఉండదు. మనిషి మారితే క్రియ తోక మారుతుంది, అంతే. మనం వస్తాను, వస్తావు, వస్తాడు అనుకోవట్లేదా? అలాగే."

"జపనీసే మేలు," అంది పెద్దది. "మా పార్లరుకి వచ్చే ఒకావిడ నేర్చుకుంది. క్రియ చివర్లోనే వస్తుందట, మనకి లాగే. ఆడా మగా గొడవ లేదు. మర్యాదలు మాత్రం మెట్లు మెట్లుగా ఉంటాయట. నువ్వు, మీరు, తమరు, ఇంకా ఆ పైన."

"రాత సంగతి చెప్పవేం?"

"మూడు రకాల లిపులు. అందులో ఒకదానికి వేలకొద్దీ అక్షరాలు."

"అయితే అది కోర్సు కాదు, కాపురం. ఒకసారి దిగితే జీవితాంతం బయటపడలేం."

"నాకు ఒక్క లిపి పట్టుబడేసరికే జుట్టు నెరిసింది," అన్నాను నేను. "వేలంటే నా కూతురు ముసలిదైపోతుంది. స్పానిషే నయం."

చిన్నది గోడకి ఆనుకుని కూర్చుని మా మొహాలు చూస్తోంది. "ర... ర..." అని మొదలుపెట్టింది.

"రాయడం కూడా ఉంటుందా అని అడుగుతోంది," అంది పెద్దది.

"కాదే, రాత్రిపూట క్లాసా అని," అన్నాడు అల్లుడు.

చిన్నది ఇద్దరికీ అడ్డంగా తలూపింది. ఇద్దరి దగ్గరా మాటలు అయిపోయేదాకా ఆగింది.

"రష్యన్," అంది.

హోటలువాళ్ళు మూడు భాషల గురించీ ఇచ్చిన చిన్న పుస్తకం దాని ఒళ్ళో ఉంది. పెద్దది లాక్కుని రష్యన్ పేజీ తీసింది.

"ఆరు విభక్తులట. బల్ల, బల్లని, బల్లకి, బల్లతో... ప్రతిసారీ మాట చివర మారిపోతుంది."

"మనకి లేవా విభక్తులు?" అన్నాను.

"మనవి కడుపులోంచి తెచ్చుకున్నాం కనక తెలియట్లేదమ్మా. ఇది విను. వస్తువులన్నిటికీ లింగం ఉందట, మూడు రకాలు. కిటికీ ఏదీ కాదు. మంచం ఆడది. కుర్చీ మగది." ఆగి, ఎంతసేపట్నుంచో కుర్చీలో చేరగిలబడి ఉన్న మొగుడి వంక చూసింది. "ఉన్నచోట నుంచి కదలనిది మగది కాక ఇంకేమవుతుందిలే."

"మన తెలుగు మాత్రం తక్కువ తిందా?" అన్నాడు అల్లుడు. "అత్తయ్య వచ్చింది, బస్సు వచ్చింది, వాన వచ్చింది. మగాడొక్కడే వచ్చాడు. మమ్మల్ని విడిగా నిలబెట్టారు." పుస్తకం తను తీసుకుని చదివాడు. "ఇదిగో, ఇది బాగుంది. నడిచి వెళ్తే ఒక క్రియ, బండిలో వెళ్తే ఇంకో క్రియ. అలా ఉండాలి భాషంటే. టికెట్ కొన్నవాడికీ కొననివాడికీ తేడా తెలియాలి."

"అదంతా సరే, దీనికెందుకు ఈ తిప్పలు?" అంది పెద్దది. "తేలికైనవి రెండున్నాయి కదే. అసలే నీకు..." అని ఆగిపోయింది.

చిన్నది పుస్తకం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పని మధ్యలో, ఇద్దరం దుప్పటి చెరోవైపూ పట్టుకుని మడుస్తున్నప్పుడు అడిగాను, అదే ఎందుకని. అది కొస నా చేతికి అందించింది.

"అది అందరికీ కష్టమేనమ్మా," అంది.

దాని మనసు నాకు అప్పుడు తెలిసింది. మా ఆయన పోయాక లాండ్రీ ఆడవాళ్ళం కొందరం సాయంత్రాలు కూర్చుని చదువు నేర్చుకున్నాం. అందరివీ ముదురు చేతులే. ఒకామె ఒక మాట చదవడానికి ఎంతసేపు తీసుకున్నా తక్కినవాళ్ళం కిక్కురుమనేవాళ్ళం కాదు. తర్వాతి వంతు మనదేనని అందరికీ తెలుసు. నా కూతురు అలాంటి చోటు వెతుక్కుంటోంది. అది తేలికైన భాష కోసం చూడటం లేదు, అందరూ తడబడే గది కోసం చూస్తోంది.

క్లాసు పని అయ్యాక కింద సిబ్బంది భోజనాల గదిలో. దానితో కలిసి ఇంటికి వెళ్ళాలని నేనూ వెనక బెంచీలో కూర్చునేదాన్ని. పాఠం చెప్పేది వయసులో ఉండగా రష్యాలో చదువుకుని వచ్చిన ఒక రిటైరైన మాస్టారు. రష్యన్‌కి చేరింది కొద్దిమందే. డెస్కు పని మీద ఆశపడి చేరిన, మా గేటు దగ్గర కారు తలుపులు తీసే ఆయన అందులో ఒకడు. పెద్ద మీసాలు, అంతకంటే పెద్ద గొంతు. మేమంతా ఆయన్ని మీసాలాయన అనే పిలుస్తాం.

మొదటి రోజు మొదటి మాట "నమస్కారం". తేలికైనదే చెబుతారనుకున్నాం. మాస్టారు బోర్డు మీద రాసి చదివారు. "జ్ద్రాస్త్‌వుయ్‌తే." మీసాలాయన లేచాడు.

"జ... జ్ద... జద్ర..." మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళు పెద్దవయ్యాయి. "ఏమండీ మాస్టారూ, నమస్కారమే ఇలా ఉంటే తిట్లు ఎలా ఉంటాయండీ?"

గది ఘొల్లుమంది. వెనక ఎవరో మాట అందించబోయారు. మాస్టారు చెయ్యెత్తారు.

"ఈ గదిలో ఒకటే నియమం. ఎవరి మాట వాళ్ళే వెతుక్కోవాలి. పక్కవాళ్ళు అందించకూడదు. ఎంతసేపైనా సరే, ఆగుదాం."

వరసగా అందరూ ఆ మాట మీద పడి లేచారు. మా చిన్నదాని వంతు వచ్చింది. అదీ మొదటి అక్షరం దగ్గర ఆగింది. కాని ఆ రోజు ఆ గదిలో అక్కడ ఆగనివాళ్ళు లేరు. కాసేపటికి మాట వచ్చింది. మాస్టారు తలూపి తర్వాతివాళ్ళని లేపారు. అంతే. దారిలో అది తనలో తను ఆ మాట అనుకుంటూ నడిచింది. నేను కూడా అనబోయి నాలుక కరుచుకున్నాను.

వ్యాకరణం దానికి ఇట్టే పట్టుబడింది. "ఇది పుస్తకం" అంటే రష్యన్‌లో కూడా మధ్యలో క్రియ ఉండదని మాస్టారు చెప్పినప్పుడు, మన చుట్టం ఎవరో కనబడ్డట్టు నవ్వింది. విభక్తులు తువ్వాళ్ళలా మడతపెట్టి దేని అరలో దాన్ని సర్దుకుంది. రాత పరీక్ష ఏది పెట్టినా మొదటి మార్కు దానిదే.

కాని నాలుగో నెల వచ్చేసరికి గది మారిపోయింది. మీసాలాయన తప్పులతోనే అయినా గడగడా మాట్లాడేస్తున్నాడు. గేటు దగ్గర దిగే రష్యన్‌వాళ్ళతో వాతావరణం గురించి వాదనలు కూడా పెట్టుకుంటున్నాడు. తక్కినవాళ్ళకీ మాట తిరిగింది. ఇది మాత్రం మొదటి రోజు ఎక్కడుందో అక్కడే ఉంది. దాని వంతు వస్తే ఇప్పుడు గడియారం చప్పుడు వినిపిస్తోంది.

ఒక సాయంత్రం మెట్ల మీద కూర్చుండిపోయింది.

"అందరికీ వచ్చేసిందమ్మా," అంది. "నాకు భాష వచ్చు. మాటే రావట్లేదు. రేపట్నుంచి వెళ్ళను."

మర్నాడు దానికి తెలియకుండా మేనేజరు దగ్గరికి వెళ్ళి, మా అమ్మాయికి నోటి పరీక్ష బదులు రాత పరీక్ష పెట్టమని అడిగాను. ఆయన మంచివాడే. కూర్చోమన్నాడు.

"పరీక్ష రాతలో పెట్టాననే అనుకోమ్మా. రేపు డెస్కు దగ్గరికి వచ్చినవాళ్ళు నిలబడి ఉంటే ఏం చేస్తుంది? ఎవరో ఒకరు తను చెప్పేది వినాలి కదా," అన్నాడు.

కాని ఆ సాయంత్రం అది క్లాసుకి వెళ్ళింది. ఎందుకు వెళ్తున్నావని నేను అడగలేదు. పాఠం అయ్యాక మాస్టారి బల్ల దగ్గర నిలబడి ఏదో అడిగింది. చాలాసేపు పట్టింది. ఆయన ఒక మాట చెప్పారు. అది మళ్ళీ అంది. ఆయన ఇంకోసారి చెప్పారు.

పరీక్ష హోటలు పెద్ద హాల్లో జరిగింది. పరీక్ష చేసేది యాత్రికుల్ని తీసుకొచ్చే కంపెనీ తరఫున వచ్చిన ఒక రష్యన్ పెద్దావిడ. మేనేజరు పక్కన కూర్చున్నాడు. సిబ్బంది గోడ వారగా నిలబడి చూడవచ్చన్నారు. నా పక్కన మీసాలాయన. తన వంతు అప్పటికే అయిపోయి, ప్యాసయ్యానన్న ధీమాతో ఉన్నాడు.

మా చిన్నది వెళ్ళి నిలబడింది. ఆవిడ ఏదో అడిగింది. ఇది నోరు తెరిచింది. మాట పట్టేసింది. ఆవిడ దయగలదే అయి ఉండాలి, ముందుకు వంగి మాట అందించబోయింది. మా చిన్నది చెయ్యెత్తి వద్దని, కళ్ళు మూసుకుని, ఆగి ఆగి రెండు మాటలు అంది. ఆవిడ కలం కింద పెట్టి వెనక్కి జారగిలబడింది.

"ఏమంది? ఏమందయ్యా?" అన్నాను.

మీసాలాయన నా వైపు వంగాడు. ఆ పెద్ద గొంతు ఎక్కడికి పోయిందో, గుసగుసగా చెప్పాడు. "తనకి నత్తి ఉందని చెప్పిందమ్మా. కాస్త ఆగమంది. ఆ మధ్య మాస్టారిని అడిగి నేర్చుకుంది ఆ మాట. నేనక్కడే ఉన్నాను."

ఆవిడ ఆగింది. మేనేజరూ ఆగాడు. చిన్నది జవాబు చెప్పింది. ఇంకో ప్రశ్న, ఇంకో జవాబు. మీసాలాయన నాకు చెబుతూనే ఉన్నాడు. "గది తాళం పోతే ఏం చేస్తావంటోంది... కొత్తది ఇప్పిస్తానంటోంది... తువ్వాళ్ళు ఎన్ని గంటలకి మారుస్తారంటోంది..." తర్వాత ఊరుకున్నాడు.

"చెప్పవేం?"

"నన్ను దాటి వెళ్ళిపోయిందమ్మా. ఇప్పుడు అంటున్నది నాకు రాదు."

అంతలో ఆ పెద్దావిడ ఉన్నట్టుండి నవ్వింది. మేనేజరు చెవిలో ఏదో చెబితే ఆయనా నవ్వాడు. కాని ఆ నవ్వు బడిలో పిల్లల నవ్వు కాదు. మా చిన్నది కూడా నవ్వుతోంది.

ప్యాసైంది. వేగానికి మార్కులు తగ్గించారు, తక్కినవన్నీ వేశారు. వచ్చే నెల నుంచి మూడో అంతస్తు డెస్కు.

బస్సు స్టాపులో జనం తక్కువగా ఉన్నారు. నేను అడగాలా వద్దా అని ఆలోచించి, చివరికి అడిగాను. "ఆ మాట ఎలా అనగలిగావే?"

ఆలోచించింది. "ఆ భాషలో నన్నెవరూ దాంతో పిలవలేదమ్మా," అంది.

కాసేపయ్యాక, "మరి ఆవిడ ఎందుకు నవ్వింది?" అన్నాను.

"ఇంత కష్టమైన భాష ఎ... ఎందుకు తీసుకున్నావని అడిగింది."

"నువ్వేమన్నావు?"

అది చెప్పడం మొదలుపెట్టింది. మొదటి అక్షరం పట్టేసింది. మా బస్సు వచ్చి ఆగింది. ఎక్కేవాళ్ళు ఎక్కారు, కండక్టరు మా వంక చూశాడు. నేను వెళ్ళమని చెయ్యూపాను. బస్సు వెళ్ళిపోయింది.

"మీ భాష మొదలుపెట్టిన రోజు," అంది మా చిన్నమ్మాయి, "అందరూ నాలాగే మాట్లాడారండీ, అన్నాను."