గుమ్మడికాయలో ముప్పైమంది

అమెరికాలో, క్యారీ ఊళ్ళో ఉంటూ చక్రపాణిగారి గుమ్మడికాయ సంగతి తెలియని తెలుగువాడంటూ ఉంటే, వాడు నిన్ననే విమానం దిగి ఉండాలి. వానకి దారి తప్పిన పెళ్ళివారు ముప్పైమంది ఆ కాయలో దూరి, మూడు రోజులు విడిది చేసి, లోపలి గోడలే కూర వండుకు తిని బయటపడ్డారట. నెలకో ఆదివారం మధ్యాహ్నం కాలనీ క్లబ్‌హౌస్‌లో ఇలాంటి కోతలు కోస్తూ నాలుగేళ్ళు గడిపాడాయన.

ముందు వరసలో మల్లికార్జునరావు కూర్చుని ఊ కొట్టేవాడు. అదేం సామాన్యమైన ఊ కాదు. దానికి పార్కింగ్‌లో కార్లు కూడా తలలూపేవి. ఒకసారి చక్రపాణి నోరుజారి పెళ్ళివారు నలభైమంది అంటే, "ముప్పయ్యేనండీ! అబద్ధాలాడకండి" అని లేచి నిలబడ్డాడు.

అలాంటివాడి ఎదుట ఆ ఆదివారం చక్రపాణి, "ఈవేళ కోతలు లేవు. జరిగింది జరిగినట్టు చెబుతాను" అన్నాడు.

హాల్లో సమోసాలు నమలడం ఆగిపోయింది.

"నిజాలు వినడానికైతే మా ఇంట్లో మా ఆవిడుంది కదండీ," అన్నాడు మల్లికార్జునరావు. "నలభై మైళ్ళు డ్రైవ్ చేసుకు రావడం దేనికి?"

అందరూ నవ్వారు. చక్రపాణీ నవ్వాడు గాని, లోపల బెరుకు. డెబ్బై నాలుగేళ్ళొచ్చాయి. ఈ ఒక్కటీ చెప్పకుండానే పోతానేమోనని కొన్నాళ్ళుగా దిగులు.

"నాకప్పుడు తొమ్మిదేళ్ళు, మా తమ్ముడికి ఆరు. వాడికి జ్వరం. నన్ను కాపలా పెట్టి అమ్మ పక్క ఊరికి డాక్టరు కోసం వెళ్ళింది."

ఊ రాలేదు. మల్లికార్జునరావు చేతులు కట్టుకుని కిటికీలోంచి పైన్ చెట్లు చూస్తున్నాడు.

ఊ లేకపోతే చక్రపాణికి మాట ముందుకు నడవదు. గుమ్మడికాయ వచ్చి నాలుక చివర కూర్చుంది. ఒక్క ముక్క చాలు, పోయిన ఊ పరిగెత్తుకొస్తుంది. ఆయన దాన్ని అలాగే మింగేశాడు.

"వాడు కళ్ళు మూస్తే నాకు భయం. కథ చెబుతా, ఊ కొట్టరా అన్నాను. కొడుతున్నంతసేపూ ఉన్నట్టే కదా! కథ అయిపోతే ఎలా? అందుకని కాయని పెంచుకుంటూ పోయాను. పెళ్ళివారిని ఒక్కొక్కరినే లోపలికి దింపాను. ఉన్నట్టుండి వాడి ఊ ఆగిపోయింది."

చక్రపాణి అక్కడ ఆపి మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

"ఊ!" అని కేకే పెట్టాడు మల్లికార్జునరావు. "ఊ అంటున్నాగా, చెప్పండి మహాప్రభో!"

"చెయ్యి వేసి చూస్తే ఒళ్ళంతా చెమట. జ్వరం దిగి హాయిగా నిద్రపోయాడు వెధవ."

తర్వాత పార్కింగ్‌లో మల్లికార్జునరావు కారు తలుపు తీసి వెనక్కి తిరిగాడు. అలక ఇంకా తీరలేదు.

"నెక్స్ట్ మంత్ మళ్ళీ గుమ్మడికాయేనా?"

"మాటివ్వలేను."

"పోనీ ఒకటి చెప్పండి. మీ తమ్ముడు నిద్రపోయేసరికి ఎంతమంది దిగారు?"

"పదకొండుమంది."

"మరి మిగతా పంతొమ్మిదిమంది?"

"వాళ్ళు మీ ఊలకి వచ్చినవాళ్ళండీ, రావుగారూ."