సపోర్ట్ ముగిసింది

నలుగురు మోసుకొచ్చి షెడ్డు నీడలో పడుకోబెట్టేసరికి పైడయ్య ఒంటి మీద చెమట చుక్క లేదు. ఆశాజ్యోతికి భయం వేసింది అందుకే. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. అచ్యుతాపురం రోలింగ్ మిల్లులో చల్లారీ చల్లారని ఫర్నేస్ లోపల ఇటుకలు మారుస్తున్న మనిషికి చెమట ఆగిపోవడమేమిటి? మెడ మీద వేళ్ళు పెట్టి చూసింది. నాడి లెక్కకు అందనంత వేగంగా కొట్టుకుంటోంది. చేతిలో ట్యాబ్ చూసింది. పైడయ్య పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతోంది. గుండె వేగం డెబ్బై ఎనిమిది.

ఆశాజ్యోతి ఆ మిల్లు కాంట్రాక్టరు దగ్గర సేఫ్టీ అసిస్టెంట్. కార్మికుల చేతి వాచీలు పంపే అంకెలు ట్యాబ్‌లో చూస్తూ, పచ్చగా ఉన్నవాణ్ణి లోపలికి పంపడం, ఎర్రబడినవాణ్ణి బయటికి పిలవడం ఆమె పని. ఆ పొద్దున పైడయ్యకు ‘ఫిట్’ నొక్కింది ఆమే. నిన్నటి అంకె తీసింది. డెబ్బై ఎనిమిది. మొన్నా అదే. రెండు నెలలుగా అదే. నిద్రపోయినా, ఇటుకలు మోసినా ఒకేలా కొట్టుకునే గుండె ఎక్కడైనా ఉంటుందా? రోజూ చుక్క రంగు చూసి ఊరుకుంది తప్ప అంకె చూడలేదు తను.

కాంట్రాక్టరు కృష్ణంరాజు జీపు దిగాడు. పైడయ్యను వ్యాన్ ఎక్కిస్తుంటే అటు తిరిగైనా చూడలేదు.

“మందు కొట్టి వచ్చుంటాడమ్మా. వాచీ బానే ఉంది, మనిషే బాలేడు. అలా రాసెయ్. రేపు ఏడింటికి మిగతా పన్నెండు మందీ లోపలికెళ్ళాలి. సాయంత్రానికి ఫర్నేస్ వెలగాలి.”

“వాచీలు పనిచేయట్లేదు సర్.”

“నీ ఉద్యోగం పనిచేస్తోందా లేదా? అది చూసుకో.”

కంచరపాలెంలో వాళ్ళ ఇంటికి ఆ ఉద్యోగమే ఆధారం. అయినా అతను చెప్పిన రిపోర్టు ఆశాజ్యోతి రాయలేదు.

రెండేళ్ళ కిందటి వరకూ ఈ వాచీలు లేవు. వేడి పనికి ఒకడు లోపలికి వెళ్తే, నడుముకు కట్టిన తాడు పట్టుకుని ఇంకొకడు బయట నిలబడేవాడు. కాసేపటికోసారి తాడు లాగేవాడు. లోపలివాడు రెండుసార్లు తిరిగి లాగితే బతికున్నట్టు, లాగకపోతే ఈడ్చుకొచ్చేయడమే. ఆ బయటి మనిషిని సైట్లో అందరూ ‘సపోర్టు’ అనేవారు. పైడయ్యకు సపోర్టు గవర్రాజు, గవర్రాజుకు సపోర్టు పైడయ్య. అప్పుడు కృష్ణంరాజు పరుగులు తీసే దొరలు పెట్టుకునే ఖరీదైన స్పోర్ట్స్ వాచీ ఒకటి తెచ్చి చూపించాడు. గుండె అదుపు తప్పితే ఇది కూస్తుంది, ఇది కొన్నవాడికే ఫర్నేస్ పని అన్నాడు. రెండు నెలల జీతం పోసి కొన్నారు. ఆ మర్నాడే సపోర్టు అన్నదే తీసేసి, వాచీ కొనలేనివాళ్ళను ఇంటికి పంపి, ఇద్దరి పని ఒకడి నెత్తిన పెట్టాడు. పనిలోంచి మనిషిని తీసేయడానికి మనిషి చేతే వాచీ కొనిపించినవాణ్ణి ఏమనాలి?

ఆ సాయంత్రం గవర్రాజు, ఆశాజ్యోతి, మరో పదకొండు మంది బస్సెక్కి సిటీలో వాచీల షోరూముకు వెళ్ళారు. అక్కడ అప్పటికే ఓ గుంపు కౌంటర్ మీద పడి అరుస్తోంది. బీచ్ రోడ్డులో పొద్దున్నే పరుగెత్తే డాక్టర్లు, ఆఫీసర్లు. అందరి చేతికీ అదే వాచీ.

“రెండేళ్ళకే మూలన పడేస్తారా? నా రికార్డంతా పోయింది!” అని ఒక నెరిసిన తలాయన బల్ల గుద్దుతున్నాడు. కౌంటర్‌లో ఉన్న అనిరుధ్ అనే కుర్రాడు చెప్పిందే చెబుతున్నాడు. “ఈ మోడల్‌కి సాఫ్ట్‌వేర్ సపోర్ట్ అయిపోయింది సర్. కొత్త మోడల్ తీసుకోవాలి.”

గవర్రాజు ముందుకు తోసుకెళ్ళాడు. “అయిపోనాదని మాకెవుడు సెప్పినాడు?”

అనిరుధ్ వాచీ నంబరు కొట్టి చూశాడు. “మార్చిలో మెసేజ్ వచ్చింది కదా సర్. ‘సపోర్ట్ ముగిసింది’ అని. మీరు ఓకే నొక్కారు. తర్వాత అంకె మారదు. ఆఖరిదే ఉండిపోతుంది.”

గవర్రాజు తల పట్టుకుని కౌంటర్ పక్కనే కూలబడ్డాడు.

“ఓర్నాయనో! అది బయటి మనిషి గురించి అనుకున్నాం గదరా! సపోర్టుని తీసేసిన రెండేళ్ళకి ఇప్పుడు సెప్తన్నారేటి, సిగ్గు నేదా ఈళ్ళకి అని పైడయ్యా నానూ పడీ పడీ నవ్వినాం. నవ్వుకుంటానే ఓకే కొట్టినాం. అందరం కొట్టినాం.”

షోరూములో ఎవరూ నవ్వలేదు. నెరిసిన తలాయన గొంతు తగ్గించి, “కన్స్యూమర్ కోర్టుకి వెళ్దాం, మీరూ సంతకాలు పెట్టండి” అన్నాడు. పెట్టారు. డాక్టరు సంతకం కింద తాపీ మేస్త్రి సంతకం పడింది. మంచిదే. కానీ కోర్టు మాట్లాడేలోగా రేపు పొద్దున్న ఏడు గంటలవుతుంది.

అక్కణ్ణుంచి ఆసుపత్రికి వెళ్ళారు. పైడయ్య కిడ్నీలు ఆగిపోయాయని డాక్టర్లు చెప్పారు. ఆవరణలో నిలబడే వాదన మొదలైంది.

“కొత్తయి కొనీద్దాం బావా. ఏటి సేత్తాం? పనికెళ్ళకపోతే పెందుర్తి నుంచి ఇంకో పన్నెండు మందిని తెత్తాడు” అన్నాడు నరేష్. పోయిన నెలే పెళ్ళయినవాడు.

“ఆళ్ళ సేతికీ పచ్చ సుక్కే కడతాడు. ఆళ్ళు సత్తే నీకు పరవానేదా?” అన్నాడు గవర్రాజు.

పైడయ్య భార్య గంగాభవాని అంతదాకా గోడకు ఆనుకుని కూర్చునుంది. లేచి నేరుగా ఆశాజ్యోతి ముందుకు వచ్చింది. “మా ఆయన్ని లోపలికి పంపింది నువ్వేనా పాపా?”

“నేనే అక్కా. చూడకుండా నొక్కాను.” ఆశాజ్యోతి తల దించుకోలేదు. దించుకుంటే మళ్ళీ ఎత్తలేననిపించింది.

“రేపు కూడా నొక్కుతావా?”

పన్నెండు మందీ ఆమె జవాబు కోసం చూశారు. “నొక్కను” అంది.

పొద్దున్న ఏడింటికి మిల్లు గేటు దగ్గర గాలి లేదు. కృష్ణంరాజు జీపు మీద పన్నెండు కొత్త పెట్టెలు పేర్చి నిలబడ్డాడు. “కొత్త మోడల్. నేనే తెప్పించాను. తీసుకున్నట్టు సంతకం పెట్టి కట్టుకోండి, పదండి!”

నరేష్ చూపు పెట్టెల మీదికి పోయింది. ఆశాజ్యోతి ఒక పెట్టె తీసి వెనక ఉన్న చిన్న అక్షరాలు అందరికీ వినబడేలా చదివింది. “సాఫ్ట్‌వేర్ సపోర్ట్, రెండు సంవత్సరాలు.”

“ఆ తరవాత?” అన్నాడు నరేష్. “ఆ తరవాత మాకేటి సపోర్టు? మాకు మనిషి కావాల. లోపల ఒకడుంటే బయట ఒకడుండాల. అప్పుడే ఎల్తాం.”

“మనిషి కావాల!” అన్నారు పన్నెండు మందీ. వెనక ఇటుకలు మోసే ఆడవాళ్ళూ అందుకున్నారు.

కృష్ణంరాజు ట్యాబ్ లాక్కోబోయాడు. ఆశాజ్యోతి వెనక్కి జరిగి పేరు పేరునా నొక్కింది. నరేష్, అన్‌ఫిట్. గవర్రాజు, అన్‌ఫిట్. పన్నెండు పేర్లూ ఎర్రబడ్డాయి. ఆ రిపోర్టు మిల్లు ఆఫీసులో అప్పటికప్పుడు తెరుచుకుంది. పని ఆగినట్టు లోపల సైరన్ మోగింది.

పావుగంటలో పోలీసులు వచ్చారు. తప్పుడు రిపోర్టు పంపి ఫ్యాక్టరీకి నష్టం చేసిందట. ఎస్సై ఆమె చెయ్యి పట్టుకోగానే గవర్రాజు ఫోన్ మోగింది. గంగాభవాని. అతను విన్నాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి పైకెత్తాడు. ఆమె ఏడుపు గేటు దాకా వినబడింది. పైడయ్య పోయాడు.

ఆశాజ్యోతికి ఆ క్షణాన వెక్కి వెక్కి ఏడవాలనిపించింది. ఏడవలేదు. చెయ్యి విడిపించుకుని తనే పోలీసు వ్యాన్ ఎక్కింది. “రాయండి సర్. నిన్న పొద్దున్న చూడకుండా ఫిట్ నొక్కింది నేనే. నొక్కించింది ఎవరో కూడా రాయండి” అంది.

ఎనిమిది గంటల షిఫ్టు బస్సు వచ్చి ఆగింది. యాభై మంది దిగారు. ఏమైందని అడిగారు, విన్నారు. గేటు తెరిచే ఉంది. ఒక్కరూ లోపలికి పోలేదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే రోడ్డు మీద, వ్యాన్ చక్రాల ముందు కూర్చున్నారు. నరేష్ అందరికంటే ముందు కూర్చున్నాడు. అనకాపల్లి వైపు నుంచి మరో మూడు పోలీసు వ్యాన్లు దుమ్ము లేపుకుంటూ వస్తున్నాయి. అందరూ చూశారు. ఎవరూ లేవలేదు.