ఫిక్స్ ఇట్ కారం

సత్తెనపల్లి అవతల ఆ కల్లంలో పొద్దున్నే ఆడవాళ్ళు పట్టాలు పరుచుకుని కూర్చుంటారు. ఎండుమిరపకాయల ముచ్చికలు తుంచడం వాళ్ళ పని. డిగ్రీ సెలవులని హారిక కూడా వచ్చి కూర్చుంటుంది. ఆ పిల్లకి చేతులకంటే నోరే ఎక్కువ ఆడుతుంది.

రాత్రి ఏడున్నరకి టీవీలో వచ్చే సీరియల్లో మనుషుల్ని పట్టుకొచ్చి తనకి నచ్చినట్టు ఆడిస్తుంది. సీరియల్ వాళ్ళు చెప్పేది కానన్ అట, అంటే అసలు కథ. దాని మీద అభిమానులు అల్లుకునేది ఫ్యాన్ ఫిక్షన్. హీరో ప్రద్యుమ్నని పత్తిమిల్లు మేస్త్రీగా, హీరోయిన్ వేదశ్రీని ఆర్టీసీ కండక్టర్‌గా మారిస్తే అది ఏయూ. ఏయూ అంటే వైజాగ్ యూనివర్సిటీ కాదు, వేరే లోకం. ఆ ఇద్దర్నీ ఎలాగైనా కలపాలని తపించిపోవడం షిప్పింగ్. ఆ మాట వినగానే మిర్చి వ్యాపారి మాలిక్ గారు, సరుకు ఏ దేశానికమ్మా అని అడిగారు పాపం. ఇదంతా పైసా ఆశించకుండా, ఒట్టి ఇష్టంతో రాసుకుంటారట. మెచ్చుకోవద్దూ మరి?

హారిక ఏ కథ చెబితే ఆ రోజు కాయలకి ఆ గుణం పట్టేది. యాంగ్‌స్ట్, అంటే గుండె పిండే కథ చెప్పిన రోజు కాయ నాలుక మీద పెడితే కళ్ళనీళ్ళే. ఫ్లఫ్ అంతా ముద్దుముచ్చట్లు. ఆ కాయలకి రంగు బ్రహ్మాండంగా ఉండి ఘాటుండదు, పసిపిల్లల పప్పన్నంలోకి అవే అడిగేవాళ్ళు. స్లో బర్న్ అంటే ప్రేమ నిదానంగా రాజుకునే కథ, ఆ కాయలైతే మరీ అన్యాయం. తిన్నంతసేపూ ఏమీ ఉండదు, చెయ్యి కడుక్కున్నాక మొదలవుతుంది. మాలిక్ గారు ఫోన్ చేసి స్లో బర్న్ టిక్కీలు, అవే బస్తాలు, ఎన్ని పంపిస్తారని అడిగేవారు.

అందరూ నవ్వినా, వాళ్ళతోపాటే ముచ్చికలు తుంచే అంకమ్మ నవ్వేది కాదు. కూతురు శ్రీరమ్య తనకి చెప్పకుండా చిలకలూరిపేట జిన్నింగ్ మిల్లు కుర్రాణ్ణి పెళ్ళి చేసుకుందని, నాకు కూతురే లేదు పొమ్మంది. ఇప్పుడా పిల్లకి నెలలు నిండాయి, పురుటికి తోడుండే ఆడమనిషి లేదు. అంకమ్మకీ ఆ సంగతి తెలుసు. తెలిసీ కదల్లేదు. ఆవిడది మామూలు మొండితనం కాదు.

పక్కన కూర్చునే కోటిరత్నం ఉండబట్టలేక, ఈ తల్లీకూతుళ్ళ కథే ఒకటి అల్లవే అని హారిక చెవిలో వేసింది. హారిక ఒప్పుకోలేదు. నిజం మనుషుల మీద వాళ్ళనడక్కుండా అల్లకూడదంది. మనకున్నాయా అంత మర్యాదలు?

ఆ వారం సీరియల్లో వేదశ్రీ తల్లి కూతురి మొహానే తలుపేసింది. కల్లమంతా తిట్టిపోస్తుంటే అంకమ్మ ఒక్కతే ఆ తల్లిని వెనకేసుకొచ్చింది. చివరికి తనే అడిగింది.

"హారికా, ఆ తలుపు తీసే కథ ఉంటుందా?"

"ఉంటుందత్తా. వాళ్ళు చెడగొట్టింది మనం బాగుచేసుకోవడం. ఫిక్స్ ఇట్ అంటారు."

"అయితే చెప్పు."

హారిక కథలో తల్లి తలుపు తీసింది. క్షమించమని ఎవరూ ఎవర్నీ అడగలేదు. చెప్పులు బయట వదులు, ఇప్పుడే తుడిచాను అంది తల్లి. అంతే కథ. అంకమ్మ తలెత్తకుండా ముచ్చికలు తుంచుతూనే ఉంది.

సాయంత్రం ఆ కాయలే కొన్ని ఒళ్ళో పోసుకెళ్ళి, వేయించి, వెల్లుల్లి వేసి దంచింది. ఉప్పు ఇంకా వెయ్యలేదు. రుచి చూద్దామని ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంటే ఒకటే ఉప్పు. శ్రీరమ్య చేతి ఉప్పు. ఆ పిల్ల ఏం వండినా అంతే, ఎన్ని తిట్లు తిన్నా తగ్గించేది కాదు. అంకమ్మ కంచం ముందు బావురుమంది. కూతురి మీద ఎంత బెంగ పెట్టుకుందో ఆవిడకి అప్పుడు తెలిసింది.

పొద్దున బస్సుకే కారం సీసా పట్టుకుని చిలకలూరిపేట వెళ్ళింది. శ్రీరమ్య నిండు కడుపుతో వచ్చి తలుపు తీసింది. అంకమ్మ ఎవరూ చెప్పకుండానే చెప్పులు బయట వదిలి లోపలికి వచ్చి, అన్నంలో కారం కలిపి కూతురి నోటికి అందించింది.

శ్రీరమ్య నమిలి, కళ్ళు తుడుచుకుంది.

"ఉప్పు తక్కువైందమ్మా."

"డబ్బా ఎక్కడ పెట్టావే?" అంటూ అంకమ్మ కొంగు దోపుకుని వంటింట్లోకి వెళ్ళింది. మనవరాలికి మూడో నెల వచ్చేదాకా ఆ వంటిల్లు ఆవిడదే.